ముత్యపుచిప్పకు పొరుగున నున్న గుల్ల



హైదరాబాదు నగరమునకు సముద్రము లేదు. మూసీనది యున్నది గాని దానిలో ముత్యములు పుట్టవు. మచిలీపట్టణపు తీరమునకు ఇచ్చటినుండి సుమారు 200 మైళ్ల దూరము. అయినను ముత్యమనగానే జనులకు ముందుగా జ్ఞప్తికి వచ్చునది హైదరాబాదు పాతబస్తీయే. ఆడపిల్లకు పెండ్లి కుదిరినప్పుడు నల్లగొండనుండి, పాలమూరునుండి, కృష్ణాజిల్లానుండి గూడ చార్మినారునకు బయలుదేరి వచ్చి, పత్తర్‌గట్టి రాతికమానుల క్రింద బేరమాడి, ఒక పేటయో రెండు పేటలో కొనుక్కొని పోవువారు మీలోనే యెందరో యుందురు. కొన్నవారు ముత్యపు నిగ్గును చూతురు, గుండ్రదనమును చూతురు, ధర నడుగుదురు. ఆ ముత్యమును కన్న ప్రాణి యే నీటిలో, ఏ నేలమీద, ఏమి తిని బ్రతికినదని యడిగినవారిని నేను చూడలేదు. ఆ ప్రశ్నను పట్టుకొని కొంత దూరము పోవలెనని నా కోరిక. పోగా పోగా మనము ముత్యపుచిప్పను విడిచి, దాని పొరుగున బురదలో దాగియున్న మఱియొక గుల్ల యొద్దకు చేరుదుము. దాని చరిత్ర ముత్యము చరిత్రకంటెను విచిత్రమైనది.

ముందు వర్తకము సంగతి. తెలుగుదేశమున ముత్యముల వ్యాపారము హైదరాబాదుకంటె పాతది. కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో 1244-45 సంవత్సరమున ఒక శాసనమును వేయించెను. అంతకు పూర్వపు రాజులు తుపానుచేత ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును బలాత్కారముగా హరించెడివారనియు, తాను అట్లు చేయక, న్యాయమైన సుంకము మాత్రమే తీసికొని వర్తకులకు అభయ మిచ్చుచున్నాననియు ఆ రాజు అందు చెప్పెను. సుంకము కట్టవలసిన సరకుల పట్టికలో చందనము, కర్పూరము, దంతము, పట్టునూలు, పగడములతోపాటు ముత్యములును ఉన్నవి. అనగా 780 ఏండ్లకు పూర్వమే మన రేవులో ముత్యముల మూటలు దిగుచుండెనన్నమాట. దోపిడి మాని సుంకముతో తృప్తిపడుట లాభకరమని గ్రహించిన ఆ రాజు బుద్ధిని ఇచ్చట మెచ్చుకొనక ముందుకు పోలేకున్నాను.

తరువాత గోలకొండ సుల్తానుల కాలమునకు మచిలీపట్టణము ప్రధానమైన రేవయ్యెను. అచ్చటినుండి పారసీకమునకు ఓడలు నడచెడివి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారును కట్టించి కొత్త నగరమును నెలకొల్పెను. వజ్రములు మన గనులలో దొరకెడివి. వానికి తోడుగా ముత్యములు సముద్రము దాటి వచ్చెడివి. ఈ రెంటి వ్యాపారముకొఱకే ఫ్రెంచివాడైన టావెర్నియే యను రత్నవర్తకుడు పలుమార్లు గోలకొండకు వచ్చెను. ముత్యములు దొరకు తావులను అతడు తన గ్రంథములో వర్ణించెను. పారసీక సింధుశాఖలో బహ్రేను ద్వీపము చుట్టునున్న సముద్రము మొదటిది. సింహళమునకు ఎదుటనున్న మన్నారు సముద్రము మఱియొకటి. మన పాతబస్తీ వర్తకులు నేటికిని ‘బస్రా ముత్యము’ అని గౌరవముగా పలుకునది ఈ మొదటి తావునుండి వచ్చినదే. బస్రా పట్టణము ముత్యము పుట్టినచోటు కాదు, అది చేతులు మారిన సంత. మన ఊళ్లలోను సరకునకు పండిన పొలము పేరుకాక అమ్మిన సంత పేరు నిలుచుట కలదు గదా!

1687లో గోలకొండ రాజ్యము పడిపోయెను. పిమ్మట 1724 నుండి అసఫ్‌జాహీ ప్రభువుల పాలన వచ్చెను. రాజ్యములు మాఱినను ముత్యముమీది మోజు మాఱలేదు. దొరల తలపాగాలకు, దొరసానుల నత్తులకు, గుఱ్ఱపు జీనులకు గూడ ముత్యములు కావలెను. కడపటి నిజాము కొలువులో ఈతకొలను నిండునన్ని ముత్యము లుండెనని జనులు చెప్పుకొనుట నేను వింటిని. కొలిచి చూచినవారిని మాత్రము చూడలేదు. నిశ్చయముగా తెలిసిన దేమన, ఆ వంశపు నగలలో 173 వస్తువులను 1995లో భారత ప్రభుత్వము సుమారు 218 కోట్ల రూపాయలకు కొనెను. వానిలో ‘సత్‌లడా’ యను ఏడు పేటల బస్రా ముత్యాల హార మొకటి. సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో ఆ నగలను కొన్నిసార్లు ప్రదర్శించినారు.

1908లో మూసీ వరదలు నగరమును ముంచి వేల ప్రాణములను బలిగొన్న పిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి పాతబస్తీ వీథులను తీర్చిదిద్దెను. ఇప్పుడు మనము చూచు పత్తర్‌గట్టి రాతికమానుల వరుస ఆ పనిలోనిదే. ఆ వీథి వెనుక సందులలో ముత్యములను ఏరువారు, బెజ్జము వేయువారు, దారమునకు గ్రుచ్చువారు తరతరములుగా నున్నారు. ఒకనాడు నేనొక ముసలి పనివాని చెంత కొంతసేపు కూర్చుంటిని. ఆయన చిన్న చెక్కదిమ్మమీది గుంటలో ముత్యము నదిమిపెట్టి, కమానుతో త్రిప్పెడు సన్నని బరమాతో తొలుచుచుండెను. ఒకచేయి కమానును లాగుచుండగా రెండవచేతి చిటికెనవ్రేలు నీటిలో ముంచి ముత్యముమీద చుక్క విడుచుచుండెను. వేడి తగిలిన ముత్యము పగులునట! బెజ్జము ఎక్కడ వేయవలెనో ఎట్లు తెలియునని యడిగితిని. “మచ్చ యున్నచోట వేసితిమా, మచ్చయే పోవును, బెజ్జమును అగును” అని నవ్వెను. ఇప్పుడు విద్యుత్తుతో తిరుగు యంత్రములు వచ్చినవి. మచ్చ వెదకు కన్ను మాత్రము యంత్రమునకు రాలేదు.

ఇక ముత్యము పుట్టుక. స్వాతికార్తెలో చినుకు చిప్పలో పడి ముత్యమగునని మన పెద్దలు చెప్పుదురు. పాశ్చాత్యులును దాదాపు ఇదే మాట చెప్పిరి. వారు వానచినుకునకు బదులు మంచుబిందువు అనిరి. దీనిని టావెర్నియే అంగీకరింపలేదు. చిప్ప సముద్రపు అడుగున పడియుండును, ఆకాశపు మంచు అచ్చటి కెట్లు చేరునని అతడు వాదించెను. శాస్త్రజ్ఞుడు కాని యొక వర్తకుడు మూడున్నర శతాబ్దముల నాడే ఇట్లు అడిగెను. సరకు మంచిచెడ్డలు తెలిసినవాడు పుక్కిటికథను గూడ తూచి చూచునేమో.

1902లో సింహళ ప్రభుత్వము కోరగా లివర్‌పూల్ నగరపు ఆచార్యుడు హెర్డ్‌మన్, అతని సహాయకుడు జేమ్స్ హార్నెల్ అచ్చటి ముత్యపుచిప్పల గట్లను పరిశోధించిరి. ఈ హార్నెల్ తరువాత మద్రాసు రాజధానిలో మత్స్యశాఖకు అధిపతియై, మన తెలుగుతీరమును గూడ చూచిన దొర. చిప్పలోనికి జొరబడిన ఒకానొక బద్దెపురుగు పిల్లయే మంచి ముత్యమునకు కారణమని వారు తలంచిరి. అన్ని ముత్యములకు అది కారణము కాదని పిమ్మట తేలినది. చిప్పలోపలి మెత్తని పొర, అనగా పెంకును నిర్మించు చర్మము, ఏ కారణముచేతనైనను దెబ్బతిని, దాని కణములు కొన్ని మాంసములోనికి చొచ్చుకొనిపోయినచో, అచ్చట నొక చిన్న సంచి యేర్పడి, ఆ సంచి లోవైపునకు పెంకుపదార్థమునే పొరలు పొరలుగా పూయును. పెంకు లోపల నుండు తళుకును ముత్యపు తళుకును ఒక్కటే యగుటకు ఇదియే కారణము.

ముత్యపుచిప్ప ఆహార మేమి? అది నీటిని మొప్పలతో వడియగట్టి, నీటిలో తేలు కంటికానని మొక్కలను తినును. అందు వింత లేదు. గట్టినేలను, రాతిని అంటిపెట్టుకొని యుండును. కాని ఆ గట్ల చుట్టునున్న సముద్రపు అడుగునకు దిగి చూచినవారికి గొప్ప గడ్డిబీళ్లు కానవచ్చును. బహ్రేను చుట్టును, మన పాక్ జలసంధిలోను, మన్నారు సముద్రములోను ఇవి విస్తారముగా నున్నవి. ఇది నాచు కాదు. నిజమైన గడ్డి వలెనే వేళ్లు, ఆకులు, పువ్వులు, గింజలు గలది. నేలమీద పుట్టిన మొక్కల వంశములోనిదే, కోట్ల యేండ్లకు పూర్వము తిరిగి సముద్రములోనికి కాపురము మార్చుకొన్నది. ప్రపంచములో దీని జాతులు సుమారు 70 మాత్రమే. రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు ఇది ఊయల. సముద్రపు ఆవు అనబడు సాధుజంతువునకు మేత.

ఈ గడ్డి నిలిచియున్న బురదను మీకు వర్ణించి చెప్పనక్కరలేదు. మీ యూరి చెరువు ఎండినప్పుడు మధ్యనుండి తీసిన నల్లని ఒండ్రుమట్టిని, మురుగు పాఱని లోతుమడిలో కాలు దిగబడినప్పుడు బుడబుడమని వచ్చు దుర్వాసనను తలచుకొనుడు. కుళ్లిన గ్రుడ్ల కంపు అది. రాలిన ఆకులు, చచ్చిన జీవులు బురదలో మురిగినప్పుడు అచ్చట ప్రాణవాయువు ఉండదు. అట్టిచోట బ్రతుకు సూక్ష్మజీవులు సముద్రపు నీటిలో కరగియున్న గంధకలవణమును పీల్చి, హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువును విడుచును. సముద్రములో ఈ లవణము మెండు గనుక విషమును మెండు. వరివేళ్లు నల్లబడి కుళ్లినచో ఏమగునో మీ కెఱుకయే. మఱి ఈ గడ్డివేళ్లు ఆ విషములో లక్షల యేండ్లు ఎట్లు బ్రతికినవి? పగటివేళ గడ్డి తన ఆకులలో పుట్టిన ప్రాణవాయువును వేళ్లగుండ బురదలోనికి కొంత విడిచి విషమును విఱుచును. కాని రాత్రి యగును, వేసవి వచ్చును, ఆకు మురుగుట హెచ్చును. అప్పు డేమి గతి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునదే మన కథలోని గుల్ల.

దాని వంశమును శాస్త్రజ్ఞులు లూసినిడులని పిలుతురు. నాలుగు వందలకు పైగా జాతులున్నవి. గుండ్రని తెల్లని గుల్ల; కొన్ని బొటనవ్రేలి గోరంత, కొన్ని అరచేయంత. గడ్డివేళ్ల నడుమ బురదలో పూడియుండును. ముత్యము నిచ్చునది కాదు గనుక వర్తకుడు దీని ముఖము చూడలేదు. 1958లో అలెన్ అను బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు దీని శరీరమును కోసి చూచి యొక విషయమును వ్రాసెను. ఈ గుల్లలకు జీర్ణకోశము చాల చిన్నది, సామాన్యమైనది. మొప్పలు మాత్రము దళసరిగా మాంసపు ముద్దవలె నున్నవి. పురుగువంటి పొడవైన కాలొకటి కలదు. తినుటకు తగిన కడుపు లేనిది కండ యెట్లు పట్టినది? అప్పటికి సమాధానము లేదు.

సమాధానపు రెండు సగములును అప్పటికి డెబ్బదియెనుబది యేండ్లకు ముందే, ఒక్క యింటిలోనే పుట్టి యుండెను. స్ట్రాస్‌బుర్గు నగరములో డి బారీ యను వృక్షశాస్త్రాచార్యు డుండెను. వేఱు వేఱు జాతుల ప్రాణులు రెండు ఒకచోట కూడి బ్రతుకుటకు ‘సహజీవనము’ అను పేరును 1879లో శాస్త్రములో నెలకొల్పినవాడు అతడే. అతని ప్రయోగశాలలోనే వినోగ్రాడ్‌స్కీ యను రష్యా యువకుడు గంధకపు ఊటలలో పెరుగు తెల్లని పోగులవంటి సూక్ష్మజీవులను పరీక్షించి, అవి ఆ దుర్వాసన వాయువును ప్రాణవాయువుతో కలిపి, అనగా మెల్లగా మండించి, ఆ శక్తితో జీవించుచున్నవని 1887లో ప్రకటించెను. ఎండ యక్కరలేకయే బ్రతుకు జీవి యున్నదనుట ఆనాడు గొప్ప మాట. గురువు చెప్పిన సంగతియు శిష్యుడు కనుగొన్న సంగతియు ఒకే కప్పు క్రింద నుండియు, ఒకదానితో నొకటి కలియుటకు నూఱేండ్లు పట్టినది. శాస్త్రచరిత్రలో నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించు ఘట్టములలో ఇది యొకటి.

కలియుటకు కారణము పసిఫిక్ మహాసముద్రపు అడుగు. 1977లో అమెరికావారు ఆల్విన్ అను చిన్న జలాంతర్గామిలో గలాపగోస్ ద్వీపముల దగ్గర రెండున్నర కిలోమీటర్ల లోతునకు దిగిరి. ఎండ సోకని ఆ చీకటిలో భూమి బద్దలనుండి వేడినీరు వెలికివచ్చుచుండెను. దాని చుట్టు నోరు గాని కడుపు గాని లేని గొట్టపు పురుగులు తోటవలె పెరిగియుండెను. వాని శరీరములో గంధకపు పలుకులున్నవని ఒక ఉపన్యాసములో వినిన కొలీన్ కావనా యను హార్వర్డ్ విద్యార్థినికి ఒక యూహ తట్టెను. ఈ పురుగు తన లోపల సూక్ష్మజీవులను పెంచుకొని వానిచేత వంట చేయించుకొనుచున్నది! 1981లో ఆమె దానిని నిరూపించి ప్రకటించెను. అంతట శాస్త్రజ్ఞులు, గంధకపు కంపు కొట్టు ఇతర స్థలములను గూడ వెదకసాగిరి. అందుకు మహాసముద్రపు లోతులకు పోనక్కర లేకపోయెను. మోకాలిలోతు నీటిలోని గడ్డిబీటిలోనే ఆ వింత యుండెను. గడ్డిబీళ్లలోని లూసినా గుల్ల మొప్పలలో అట్టి సూక్ష్మజీవులే యున్నవని 1984లో ఫిషర్, హాండ్ అను నిద్దరు వెల్లడించిరి. అలెన్ చూచిన దళసరి మొప్పల రహస్య మది.

ఈ గుల్ల సంసారమును కొంచెము నిదానముగా చెప్పెదను. గుల్ల తన పొడవైన కాలితో పైకి గొట్టమువంటి దారిని చేసికొని, పైనున్న మంచినీటిని, దానితో ప్రాణవాయువును లోనికి తీసికొనును. అదే కాలిని చుట్టును క్రిందను బురదలోనికి చాచి విషవాయువు గల నీటిని తెచ్చుకొనును. రెండును మొప్పలకు చేరును. మొప్పల కణములలో కోట్లకొలది సూక్ష్మజీవులు కాపురమున్నవి. అవి విషవాయువును ప్రాణవాయువుతో మండించి, ఆ శక్తితో నీటిలోని బొగ్గుపులుసు వాయువును ఆహారముగా మార్చును. మన చెట్టు ఆకు ఎండవలన చేయు పనిని ఇవి దుర్గంధమువలన చేయును. ఆ పంటలో గుల్లకు పాలు వచ్చును. కొన్ని వేళల గుల్ల ఆ సూక్ష్మజీవులనే జీర్ణము చేసికొనును. పాలేరును పెట్టుకొని పంట తినుట చూచితిమి గాని, కఱవు వచ్చినప్పుడు పాలేరునే తినివేయు యజమానిని ఇక్కడనే చూచుచున్నాము! పుట్టిన గుల్లపిల్లకు తల్లినుండి ఈ జీవులు రావు. ప్రతి తరమును చుట్టునున్న బురదనుండి వానిని క్రొత్తగా సంపాదించుకొనవలసినదే. ఇట్టి గుల్లల పూర్వీకులు 40 కోట్ల యేండ్లకు మించిన రాళ్లలో దొరకుచున్నవి. సముద్రపు గడ్డి పుట్టినది అంతకు చాలకాలము తరువాత. గడ్డి వ్యాపించిన పిమ్మటనే ఈ గుల్లల జాతులు మిక్కుటముగా పెరిగినవని రాళ్లను చదువువారు చెప్పుచున్నారు.

2012లో హాలెండు దేశపు వాన్ డర్ హైడె మొదలగువారు ఈ ముగ్గురి పొత్తును లెక్కకట్టిరి. లోకములో పరీక్షింపబడిన గడ్డిబీళ్ల వివరములను ప్రోగుచేయగా, ఉష్ణదేశములలోనివానిలో నూటికి 97 చోట్ల ఈ గుల్ల లుండెను. చల్లని దేశములలో నూటికి 56 చోట్ల. పిదప తొట్లలో గడ్డిని పెంచి, కొన్నిట విషవాయువును చేర్చి, కొన్నిట గుల్లలను గూడ వేసి చూచిరి. గుల్లలున్న తొట్లలో విషము తగ్గి గడ్డి బాగుగా పెరిగెను. గడ్డి యున్నచోట గుల్లలును బలిసెను. గడ్డి ప్రాణవాయువు నిచ్చును, గుల్ల యింటిని కట్టును, సూక్ష్మజీవి విషమును వండి అన్నము చేయును.

2016లో ఇంకొక సంగతి తేలినది. మీకు ఇది వినసొంపుగా నుండును. కంది, పెసర, మినుము, జనుము, జీలుగ మొక్కను పెఱికి చూచినచో వేళ్లకు చిన్న బుడిపెలు కానవచ్చును. ఆ పైరు వేసిన నేల మఱుసటి యేడు వరికో జొన్నకో బలముగా నుండునని మన తాతలెఱుగుదురు. కారణమును 1886లో హెల్‌రీగెల్ అను జర్మను పండితుడు ప్రకటించెను. బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చును. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ శనగ, కంది, వేరుశనగ పైరుల విషయమున ఈ బుడిపెలను విస్తారముగా పరిశోధించినది. సముద్రపు గుల్ల మొప్పలలోని గంధకజీవులకును ఈ నత్రజనిని పట్టు విద్య యున్నదని 2016లో రెండు పరిశోధక బృందములు వేఱు వేఱుగా ప్రకటించెను. కందిచేనిలో వేరు చేయు పనిని, కడలి గడ్డిబీటిలో గుల్ల మొప్ప చేయజాలునన్నమాట. ఆ ఎరువులో ఎంత గడ్డికి చేరునో యింకను లెక్క తేలవలసి యున్నది.

ఇట్టి పొత్తు చెడినప్పుడు ఏమగునో చూపిన ఉదాహరణము ఆఫ్రికా పడమటి తీరమున, మారిటేనియా దేశములో నున్నది. బాంక్ దార్గాం అను తీరములో విశాలమైన గడ్డిబీళ్లు, వానిలో లోరిపెస్ అను చిన్న లూసినా గుల్లలు, వానిని తినుటకు ఉత్తరదేశములనుండి వచ్చు ఉల్లంకిజాతి పక్షులు ఉన్నవి. (ఈ గుల్లలను మితిమీఱి తినిన పక్షికి లోపలి గంధకమువలన విరేచనము లగునట. అందుచేత పక్షి ఇతర గుల్లలను కలిపి తినును. వైద్యుడు లేకయే పథ్యము తెలిసినది!) 2011లో అచ్చట అనావృష్టి తగిలెను. ఆటుపోటులలో బయటపడు గడ్డి యెండి బలహీనమయ్యెను. గడ్డి బలహీనమై ప్రాణవాయువు నియ్యలేకపోగా గుల్లలు తగ్గెను. గుల్లలు తగ్గగా విషము పేరుకొనెను. విషము పేరుకొనగా, ఎండకు చావక మిగిలిన గడ్డియు చచ్చెను. ఎండ పెట్టిన దెబ్బకంటె పొత్తు చెడుటవలన కలిగిన దెబ్బ విస్తారమైనదని 2016లో ప్రకటించిన పరిశోధకులు చూపిరి. చెరువు తూము చెడి ఆయకట్టంతయు బీడుపడిన ఊళ్లను మనము చూచియున్నాము. ఇచ్చట తూము మెత్తని గుల్ల.

మన ముత్యముల దేశమునకు మరలుదము. పారసీక సింధుశాఖలో ముత్యపు వృత్తి చెడినది మాత్రము సముద్రమువలన గాదు, మనుష్యుని నేర్పువలన. జపానులో మికిమొతో 1893లో చిప్పచేత అర్ధముత్యమును చేయించెను. తరువాత గుండ్రని ముత్యమును చేయు ఉపాయమును జపానువారు సాధించి, 1920 తరువాత విపణిలోనికి విడిచిరి. 1929లో లోకమంతట ధనమాంద్యము వచ్చెను. బొంబాయి అప్పట్లో బస్రా ముత్యములకు ప్రపంచపు పెద్ద సంత. అచ్చట ధరలు కూలెను. 1917లో న్యూయార్కులో ఒక భవనమునకు మాఱుగా ఇచ్చిన రెండు పేటల ముత్యాలహారము, అప్పుడు పది లక్షల డాలర్ల వెల గలదిగా నెంచబడినది, 1957లో సుమారు లక్షన్నర డాలర్లకే అమ్ముడుపోయెను. బహ్రేను, కువైటు తీరములలో ఊపిరి బిగబట్టి దిగి చిప్పలు తెచ్చు మునుగువారు ఋణములలో మునిగిరి. 1932లో బహ్రేనులో నూనె పడుటచేత వారి పిల్లలు వేఱు వృత్తికి పోయిరి. 2012లో అచ్చటి పాత ముత్యపు గట్లను, వర్తకుల యిండ్లను యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. ఇక మన తూత్తుకుడిలో చివరి ముత్యపు వేట 1961లో జరిగెను. 1973లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు అచ్చటనే చిప్పచేత ముత్యమును పండించిరి.

పాతబస్తీ పనివాడు మాత్రము నిలిచినాడు. ముత్యము ఏ దేశముదైనను దానికి బెజ్జము వేయవలెను, ఏరవలెను, గ్రుచ్చవలెను. ఇప్పుడు పత్తర్‌గట్టిలో అమ్ముడుపోవువానిలో అధికభాగము చైనాలోని మంచినీటి చెరువులలో పెంచిన చిప్పలనుండి వచ్చినవి. ఆ చిప్పలకు సముద్రముతోను, సముద్రపు గడ్డితోను సంబంధము లేదు. నిజమైన బస్రా ముత్యము అరుదై, పాత నగలను విడగొట్టినప్పుడు మాత్రమే చేతికి వచ్చుచున్నది.

ముత్యముకొఱకు ఎవరును దిగకపోయినను గడ్డిబీళ్లకు సుఖము కలుగలేదు. రేవులు త్రవ్వుటవలన, ఒడ్డులను పూడ్చుటవలన, అడుగును గీఱుచు పోవు వలలవలన, పట్టణపు మురుగువలన అవి నశించుచున్నవి. 1879 నుండి లెక్క దొరకినంతలో లోకమునందలి సముద్రపు గడ్డి విస్తీర్ణములో నూటికి 29 వంతులు పోయినట్లు 2009లో ప్రకటించిన యొక గణనములో తేలినది. మన సమీపమున పాక్ జలసంధిలో, సముద్రపు ఆవుల రక్షణకై తమిళనాడు ప్రభుత్వము 2022లో 448 చదరపు కిలోమీటర్ల సముద్రమును రక్షితక్షేత్రముగా ప్రకటించెను. అది ప్రధానముగా గడ్డిబీడే. ఆవునకు మేత కాపాడబడినచో, ఆ మేత క్రింది బురదయు, బురదలోని గుల్లయు కలిసి కాపాడబడును.

తెలుగుగడ్డకు చేరువలో పులికాటు సరస్సునందును, ఒడిస్సాలోని చిలుక సరస్సునందును ఈ గడ్డి యున్నది. సూళ్లూరుపేట, తడ వైపు బంధువులున్నవారు పోయినప్పుడు పడవవారి నడిగినచో చూపుదురు. నీరు తక్కువగా నున్నవేళ ఆకులు సన్నని రిబ్బనులవలె ఒకవైపునకు వాలి కనబడును. వేళ్లదగ్గఱ పిడికెడు మట్టి తీసి వాసన చూచినచో, నేనింతసేపు చెప్పిన నల్లబురద మీ చేతికే తగులును. చూచిన పిమ్మట ఆ మట్టిని తీసినచోటనే వేయుడు.